పార్కింగ్ గొడవలో తమ్ముడి మీద కేసు, వాట్సాప్‌లో నోటీసు వచ్చింది, స్టేషన్‌కి వెళ్తే అరెస్ట్ చేసేస్తారా?

విశాఖబుల్లోడు:

అందరికీ నమస్తే, కొంచెం అర్జెంటు. మాది వైజాగే, ఏరియా పేరు చెప్పను, ఏమనుకోకండి. గత ఆదివారం మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో గొడవైంది. పై ఫ్లోర్ ఆయన కారు తెచ్చి మా తమ్ముడి బండికి అడ్డంగా పెట్టేసి పైకెళ్లిపోయాడు, వీడికేమో డ్యూటీ టైమైపోతోంది, ఫోన్ చేస్తే ఎత్తడు, నాలుగోసారి చేస్తే దిగొచ్చి "ఏంట్రా అన్నిసార్లు చేస్తన్నావ్" అని మొదలెట్టాడు, మాటామాటా పెరిగి ఆయనే ముందు కాలర్ పట్టుకున్నాడు, వీడు తోసేసాడు, ఆయనెళ్లి సంపు మూత అంచు మీద పడ్డాడు. ముందు పన్ను సగానికి విరిగింది. మా నాన్నగారు (64 ఏళ్లు, బీపీ షుగర్ రెండూ ఉన్నాయి) విడదీయడానికి మధ్యలోకి వెళ్లారు, అంతే ఆయన చేసింది.

ఇప్పుడు ఎఫ్ఐఆర్‌లో తమ్ముడు ఏ1, నాన్న ఏ2. సెక్షన్లు బీఎన్ఎస్ 115(2), 126(2), 351(2), 352 రెడ్ విత్ 3(5) అని ఉన్నాయి. నిన్న రాత్రి కానిస్టేబుల్ గారు వాట్సాప్‌లో ఒక కాగితం ఫొటో పెట్టారు, సెక్షన్ 35(3) నోటీసు, ఎల్లుండి పొద్దున్న 11 గంటలకి ఇద్దరూ రావాలి అని. అమ్మ రాత్రంతా సింహాద్రప్పన్నకి మొక్కుకుంటూ కూర్చుంది, పడుకోలేదు. తమ్ముడికి 24 ఏళ్లు, పాస్‌పోర్ట్‌కి అప్లై చేద్దామనుకుంటున్నాడు. వెళ్తే లోపలేసేస్తారా? నాన్న కూడా వెళ్లాలా? మన రాష్ట్రంలో రూల్స్ వేరేగా ఉంటాయని ఒకాయన అంటున్నాడు, నిజమేనా? ఏటి చెయ్యాలో అర్థం కావట్లేదు.

గాజువాక_గురూ:

గురూ ఫోన్ స్విచాఫ్ చేసి తమ్ముణ్ని పది రోజులు శ్రీకాకుళం పంపించేయ్. వేడి తగ్గాక ఎవరో పెద్దమనిషిని పట్టుకుని సెటిల్ చేసుకోండి. వాట్సాప్ నోటీసు చెల్లదంట, సుప్రీంకోర్టే చెప్పింది, నేను చూసాను.

నల్లకోటు_జూనియర్:

పైన చెప్పిన సలహాలో సగం నిజం, ఆ సగమే మిమ్మల్ని ముంచుతుంది. దయచేసి ఆ పని చెయ్యకండి. నేను ఇక్కడ జిల్లా కోర్టులో క్రిమినల్ సైడ్ జూనియర్‌ని, మీ ఫైల్ చూడలేదు కాబట్టి ఇది మామూలుగా చెప్తున్నాననుకోండి, వెళ్లేముందు ఒక లాయర్‌ని నేరుగా కలవండి.

ముందు రాష్ట్రం సంగతి. కొట్లాట, దొంగతనం, మోసం, బెదిరింపు ఇలాంటివన్నీ 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) కిందే, అంటే పాత ఐపీసీ స్థానంలో వచ్చింది, వైజాగ్‌లోనూ అదే వారణాసిలోనూ అదే. అరెస్టు, బెయిలు, రిమాండు ఎలా జరగాలో చెప్పేది బీఎన్ఎస్ఎస్, అది పాత సీఆర్పీసీ స్థానంలో వచ్చింది. రాష్ట్రం విడిగా చేసిన చట్టాలు ఉన్నాయి, పేకాట మీద 1974 గేమింగ్ యాక్ట్ (2020లో ఆన్‌లైన్ బెట్టింగ్‌ని కూడా అందులోకి తెచ్చారు), సారా కేసులకి 1968 ఎక్సైజ్ యాక్ట్, ముందుజాగ్రత్తగా నిర్బంధించే 1986 పీడీ యాక్ట్, ఇలా. మీ పార్కింగ్ గొడవకి వీటితో పని లేదు.

ఇంక మీ సెక్షన్లు. 115(2) అంటే మామూలు దెబ్బలు, ఏడాది దాకా శిక్ష లేదా 10,000 దాకా జరిమానా లేదా రెండూ. 126(2) అంటే దారికి అడ్డుపడటం, నెల రోజులు లేదా 5,000. 351(2) బెదిరింపు, 352 కావాలని తిట్టి రెచ్చగొట్టడం, రెండూ రెండేళ్ల దాకా. 3(5) అంటే పాత 34, అందరూ కలిసి ఒకే ఉద్దేశంతో చేసారని, నాన్నగార్ని లోపలికి లాగింది దీంతోనే, దానికి వేరే శిక్ష ఏం ఉండదు. అన్నీ చిన్న సెక్షన్లే. ఏడేళ్లు, అంతకన్నా తక్కువ శిక్ష ఉన్న కేసుల్లో పోలీసులు అలవాటుగా అరెస్ట్ చేసెయ్యకూడదు, ఎందుకు అరెస్ట్ కావాలో కారణం రాయాలి, లేదంటే నోటీసిచ్చి పిలవాలి అని 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. ఇప్పటికీ అందరూ "41ఏ నోటీసు" అనేది దీన్నే, కొత్త చట్టంలో 35(3).

ఇక్కడ జనం పొరబడేది ఏంటంటే నోటీసొచ్చింది అంటే అరెస్ట్ అయిపోతున్నాం అనుకుంటారు. తిరగేసి చూడండి. నోటీసు ఇచ్చారంటే ప్రస్తుతానికి అరెస్ట్ అవసరం లేదని వాళ్లే కాగితం మీద ఒప్పుకున్నట్టు. పిలిచినప్పుడు వెళ్తూ ఉన్నంతకాలం ఆ కేసులో అరెస్ట్ చెయ్యాలంటే మళ్లీ కారణాలు రాసుకోవాలి. వెళ్లకపోతే మాత్రం ఆ రక్షణ పోతుంది, అప్పుడు అరెస్ట్ చెయ్యడానికి చట్టమే దారిస్తుంది. అందుకే శ్రీకాకుళం వద్దన్నాను.

వాట్సాప్ సంగతి నిజమే. 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నోటీసులు వాట్సాప్‌లో పంపితే కుదరదు, చేతికివ్వాలి అని చెప్పింది. అలాగని చెల్లదు కదా అని ఇంట్లో కూర్చుని యుద్ధం చెయ్యకండి. ఆ టైముకి వెళ్లి "సార్, ఫోన్‌లో చూసి వచ్చాం, కాపీ ఇప్పించండి" అని అడిగి తీసుకోండి, ఒక కాపీ మీద అందినట్టు సంతకం పెట్టి తేదీ, టైము మీ చేత్తో రాయండి.

నాన్నగారి గురించి కొత్త చట్టంలో ఒక మంచి మాట ఉంది. 35(7) అని. మూడేళ్ల కన్నా తక్కువ శిక్ష ఉన్న నేరమైతే 60 దాటినవాళ్లని, జబ్బుతో ఉన్నవాళ్లని డీఎస్పీ స్థాయి అధికారి ముందస్తు అనుమతి లేకుండా అరెస్ట్ చెయ్యకూడదు. మనది కమిషనరేట్ కాబట్టి ఏసీపీ గారన్నమాట. ఆధార్ జెరాక్స్, మందుల చీటీ జేబులో పెట్టుకు వెళ్లమనండి.

నాకు భయమున్నది ఒక్క పన్ను దగ్గర. ఎముకైనా పన్నైనా విరిగితే చట్టం దాన్ని గ్రీవియస్ (తీవ్ర గాయం) అంటుంది, సెక్షన్ 116. ఊండ్ సర్టిఫికెట్‌లో డాక్టర్ అలా రాస్తే 115 తీసి 117(2) వెయ్యడానికి పోలీసులు కోర్టులో మెమో వేస్తారు, అప్పుడు శిక్ష ఏడేళ్ల దాకా ఉంటుంది. కంగారుపడకండి, ఏడేళ్లైనా అది బెయిలబుల్ సెక్షనే, ష్యూరిటీలు ఇస్తే బెయిలు మీ హక్కు, ఎవరి దయా అక్కర్లేదు. కాకపోతే పైన చెప్పిన 35(7) మాత్రం నాన్నగారికి ఇంక పనిచెయ్యదు. పైగా 117 నిలవాలంటే అంత గాయం చెయ్యాలనే ఉద్దేశమో, అవుతుందని తెలియడమో ఉండాలి. కాలర్ పట్టుకున్నవాణ్ని విడిపించుకోడానికి తోస్తే సంపు మూత మీద పడటం వేరు, గుద్ది పన్ను రాలగొట్టడం వేరు. ఆత్మరక్షణ కూడా వాదించొచ్చు. ఆ మాటలు స్టేషన్‌లో చెప్పి వాదించొద్దు, కోర్టులో లాయర్ చెప్తాడు.

పాత_హెడ్డు:

బాబూ, నేను ముప్పై ఏళ్లు చేసి రిటైరైన హెడ్ కానిస్టేబుల్‌ని. జూనియర్ గారు చెప్పింది కరెక్టే, స్టేషన్ లోపల సంగతి రెండు ముక్కలు నేను చెప్తా.

మీ ఎఫ్ఐఆర్‌లో "దారి కాసి అడ్డగించి" అనే మాట ఉండే ఉంటుంది చూసుకోండి. ప్రతి కొట్లాట కంప్లైంట్‌లోనూ ఆ మాట ఉంటుంది, ఎందుకో తెలుసా. 115(2) గానీ 351(2), 352 గానీ నాన్ కాగ్నిజబుల్, అంటే మేజిస్ట్రేట్ గారి పర్మిషన్ లేకుండా మేము దర్యాప్తు చెయ్యలేం. 126(2) శిక్ష నెల రోజులే గానీ అది కాగ్నిజబుల్. కేసులో ఒక్కటి కాగ్నిజబుల్ ఉన్నా మొత్తం కేసు అలాగే లెక్క. చిన్న తాళంచెవి, పెద్ద తలుపు తీసేస్తాది. మీ కేసులో కారు పెట్టి అడ్డగించింది ఎవరో, కేసు పడింది ఎవరి మీదో చూస్తే నవ్వొస్తాది.

తెల్ల కాగితం మీద మాత్రం సంతకం పెట్టొద్దు. పోలీసు రాసుకున్న వాంగ్మూలం మీద సంతకం తీసుకోకూడదని చట్టంలోనే ఉంది. నోటీసు అందినట్టు, బెయిల్ బాండు, ఇలాంటివాటికి పెట్టాలి, అవి చదివి పెట్టుకోండి. గొంతు పెంచకుండా "రాసాక పెడతాను సార్" అంటే సరిపోతాది. స్టేషన్‌కి ఎల్లినోళ్లలో సగం మందికి దెబ్బ కొట్టేది సెక్షన్ కాదు, నోరు.

మధురవాడ_మావయ్య:

నా అనుభవం చెప్తాను అల్లుడూ. ఆరేళ్ల కిందట స్థలం గట్టు మీద మా పక్కింటోళ్లతో ఇలాగే అయింది, అప్పుడు 323, 341, 506 అని పాత నంబర్లు. నేను చేసిన తప్పులు మూడు. మొదటిది, నాకూ మోచెయ్యి వాచిపోయినా "చిన్నదే కదా" అని ఆసుపత్రికి వెళ్లలేదు. వాళ్లు మాత్రం గంటలో కేజీహెచ్ పెద్దాసుపత్రికి వెళ్లి ఎంఎల్‌సీ (పోలీసు కేసు కోసం డాక్టర్ రాసే గాయాల రికార్డు) రాయించుకున్నారు. ఆఖరికి కాగితాల్లో దెబ్బలు తిన్నది వాళ్లే, కొట్టింది నేనే. మీ తమ్ముడికి మెడ మీద గోళ్ల గీతలు గానీ, చిరిగిన చొక్కా గానీ ఉంటే ఆ చొక్కా ఉతక్కుండా దాచండి, ఇవాళే ఆసుపత్రికి తీసుకెళ్లి రాయించండి, ఆయన మీద మీరూ కంప్లైంట్ ఇవ్వండి. స్టేషన్‌లో తీసుకోకపోతే ఎస్పీకి, అంటే మన సీపీ గారి ఆఫీసుకి పోస్టులో పంపొచ్చు.

రెండోది సీసీ కెమెరా. మా వీధి షాపువాడి డబ్బాలో పది రోజులకి పాత రికార్డింగ్ మీద కొత్తది ఎక్కేస్తుందని నాకు పదకొండో రోజు తెలిసింది.

మూడోది, స్టేషన్‌లో భయంతో అడగనివి కూడా చెప్పేసాను, "అవున్సార్ కోపంలో నాలుగు తగిలించాను" అని. తర్వాత మా లాయర్ గారు తల పట్టుకుని, పోలీసుకిచ్చిన ఒప్పుకోలు కోర్టులో సాక్ష్యంగా పనికిరాదు కాబట్టి బతికిపోయావ్ అన్నారు. తన మీదకి తానే నేరం తెచ్చుకునే మాట చెప్పమని ఎవరూ బలవంతం చెయ్యకూడదంట, రాజ్యాంగం 20(3). పేరు, ఊరు, అడ్రస్ చెప్పు, మిగతాది "లాయర్ గారితో మాట్లాడి చెప్తాను సార్" అను. అబద్ధాలు మాత్రం అల్లకు.

మా కేసు చివరికి లోక్ అదాలత్‌లో రాజీ అయింది. అప్పటికి వాయిదాలకి తిరిగి తిరిగి నాకు, పక్కింటాయనకి కోర్టు క్యాంటీన్‌లో కలిసి టీ తాగే అలవాటు అయిపోయింది.

ఏయూ_హాస్టల్:

మధ్యలో దూరుతున్నా సారీ. ఈ నోటీసు పద్ధతి గంజాయి కేసులకి కూడా ఉంటుందా? మా క్లాస్‌మేట్ ఒకడు ఏజెన్సీ నుంచి వస్తుంటే చెకింగ్‌లో దొరికాడు, బ్యాగు తనది కాదంటున్నాడు.

నల్లకోటు_జూనియర్:

అది వేరే లోకం తమ్ముడూ. ఎన్‌డీపీఎస్‌లో (మత్తుమందుల చట్టం) అంతా తూకం మీదే. గంజాయి కిలో కన్నా తక్కువుంటే చిన్న పరిమాణం, ఏడాది దాకా శిక్ష. 20 కిలోలు దాటితే కమర్షియల్, కనీసం పదేళ్లు, ఇరవై దాకా పోవచ్చు, బెయిలు దొరకడం కూడా మహా కష్టం, నేరం చెయ్యలేదని జడ్జిగారికి నమ్మకం కుదరాలి. మధ్యలో ఉంటే పదేళ్ల దాకా. ఒంటి మీద సోదా చేస్తుంటే గెజిటెడ్ అధికారి ముందో మేజిస్ట్రేట్ ముందో చెయ్యమని అడిగే హక్కు ఉంది, సెక్షన్ 50, ఆ హక్కు ఉందని వాళ్లే ముందు చెప్పాలి. కానీ చేతిలో బ్యాగు వెతకడానికి అది వర్తించదు, అక్కడే చాలా మంది కుర్రాళ్లు దెబ్బతింటారు. అరెస్ట్ చేసుంటే 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి, ప్రయాణం టైము లెక్కలోకి రాదు. ఎందుకు అరెస్ట్ చేసారో అర్థమయ్యే భాషలో రాసివ్వాలని 2025లో సుప్రీంకోర్టు అన్ని నేరాలకీ చెప్పింది, ఆ కాగితం ఇచ్చారో లేదో ఇంట్లోవాళ్లని కనుక్కోమను. లాయర్‌కి డబ్బుల్లేకపోతే కస్టడీలో ఉన్నవాడికి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత లాయర్ ఇస్తారు, జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లండి, లేదా 15100కి ఫోన్ చెయ్యండి. ఆడవాళ్లకి, ఎస్సీ ఎస్టీలకి కూడా అంతే.

విశాఖబుల్లోడు గారూ, పాస్‌పోర్ట్ మాట మర్చిపోయాను. ఎఫ్ఐఆర్ ఉన్నంత మాత్రాన పాస్‌పోర్ట్ ఆపడానికి లేదు, చార్జిషీటు పడి కోర్టు కేసుని తీసుకున్నాకే పెండింగ్ కేసు కిందకి వస్తుంది. అప్పుడు కూడా ఆ కోర్టు నుంచే పర్మిషన్ తెచ్చుకుంటే ఇస్తారు. ఫారంలో గానీ, రేపు గవర్నమెంటు ఉద్యోగం అటెస్టేషన్‌లో గానీ అడిగినచోట కేసు ఉందని దాచొద్దు. చిన్న కేసుని క్షమిస్తారేమో గానీ దాచినందుకు ఉద్యోగాలు ఊడిన వాళ్లున్నారు.

గాజువాక_గురూ:

సరే సరే ఒప్పుకున్నా, శ్రీకాకుళం క్యాన్సిల్. మరి రాజీ చేసుకోడం కూడా తప్పేనా ఏటి?

నల్లకోటు_జూనియర్:

తప్పెందుకు అవుతుంది. మీ నాలుగు సెక్షన్లూ ఫిర్యాదు చేసిన ఆయన ఒప్పుకుంటే రాజీ అయ్యేవే. 117(2) పడితే మాత్రం కోర్టు పర్మిషన్ కూడా కావాలి. రాజీ అంటే వీధి చివర పెద్దమనిషి దగ్గర డబ్బులిచ్చి చెయ్యి దులుపుకోడం కాదు, డబ్బులిచ్చాక కూడా కేసు నంబరు కోర్టులో అలాగే బతికి ఉంటుంది, రెండేళ్ల తర్వాత వారెంట్ వచ్చి తలుపు కొడుతుంది. కోర్టులోనో లోక్ అదాలత్‌లోనో రికార్డు అవ్వాలి.

విశాఖబుల్లోడు:

అప్‌డేట్ ఇస్తున్నాను, అందరికీ దండాలు. ఒక లాయర్ గారిని మాట్లాడుకుని ముగ్గురం వెళ్లాం. ఎస్ఐ గారు బందోబస్తులో ఉన్నారని గంటన్నర బెంచీ మీద కూర్చున్నాం, నాన్నకి మధ్యలో షుగర్ పడిపోతుందేమోనని అమ్మ కట్టిచ్చిన ఇడ్లీ అక్కడే తినిపించాను, ఎవరూ ఏమీ అనలేదు. నోటీసు కాపీ అడిగితే రైటర్ గారు "ఫోన్‌లో పంపాం కదా" అన్నారు, లాయర్ గారు ఒక్క మాట మాట్లాడారు, ఇచ్చారు. తేదీ, టైము నా చేత్తోనే రాసాను, 12:35.

తర్వాత నిజంగానే తెల్ల కాగితం వచ్చింది! తమ్ముడి చేతిలో పెన్ను కూడా పెట్టేసారు. వీడు నా వైపు చూసాడు, నేను "రాసాక పెడతాడు సార్" అన్నాను, గొంతు వణికింది గానీ అన్నాను. ఆయన ఒక్క నిమిషం చూసి "ఎవడ్రా చెప్పాడు నీకు" అని నవ్వేసి ఆ కాగితం సొరుగులో పెట్టేసుకున్నారు. పేరు, చదువు, అడ్రస్, పుట్టుమచ్చలు రాసుకుని, పిలిస్తే రావాలి, సాక్షుల జోలికి పోకూడదు అని చెప్పి పంపేసారు. నాన్నని వయసు అడిగారు, ఆధార్ చూసారు, అంతే.

సీసీ కెమెరా సంగతి. సెక్రటరీ గారు ముందు కుదరదన్నారు, తర్వాత లెటర్ ఇస్తే పెన్‌డ్రైవ్‌లో ఎక్కించారు. కాలర్ పట్టుకోడం క్లియర్‌గా ఉంది, కానీ సరిగ్గా తోసే టైముకి ఇద్దరూ స్తంభం వెనక్కి వెళ్లిపోయారు, మళ్లీ కనపడేసరికి ఆయన నేల మీద ఉన్నాడు. లాయర్ గారు సగం చాలు అన్నారు, కోర్టులో పెట్టడానికి 63 సర్టిఫికెట్ (ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి జతచేసే ధ్రువపత్రం) ఒకటి కావాలంట, దానికి మళ్లీ సెక్రటరీ గారి కాళ్లు పట్టుకోవాలి. తమ్ముడి మెడ మీద గీతలకి ఎంఎల్‌సీ ఆరో రోజు రాయించాం, లేటే, డాక్టర్ గారు "పాత గాయాలు" అని రాసారు. మావయ్య గారూ, మీ మాట వారం ముందు దొరికుంటే బాగుండేది.

పై ఫ్లోర్ ఆవిడ నిన్న మెట్ల దగ్గర అమ్మతో పంటికి క్యాప్ వేయించాలంట, ఖర్చు చూసుకుంటే ఆయన మాట వింటాడేమో అంది. పన్ను మీద డాక్టర్ రిపోర్ట్ ఇంకా రాలేదు, అది వచ్చాకే మాట్లాడమన్నారు లాయర్ గారు.

కారు ఇవాళ పొద్దున్న కూడా అక్కడే అడ్డంగా ఉంది. తమ్ముడు ఆటోలో వెళ్లాడు.